మాగ్నెటైట్ చల్లబడినప్పుడు: సమదైశిక బిందువు, వెర్వే పరివర్తన

మాగ్నెటైట్ ఏకస్ఫటికాన్ని చల్లబరుస్తూ పోతే, పది కెల్విన్‌ల లోపే దాని అయస్కాంత విషమదైశికత రెండుసార్లు మారుతుంది. మొదటిది సుమారు 130 కెల్విన్ వద్ద, రెండోది 120–125 మధ్య. ఇంత దగ్గరగా ఉండటంతో రెండింటినీ వెర్వే పరివర్తన ఖాతాలోనే వేసేయడం కద్దు. అవి వేర్వేరు ప్రక్రియలనీ, ప్రయోగంలోనూ విడదీసి చూడాలనీ ఈ వ్యాసం వాదన.

గది ఉష్ణోగ్రతలో స్ఫటికానిది ఘన సౌష్ఠవం. మొదటి విషమదైశికతా స్థిరాంకం కె₁ రుణాత్మకం. ఘనపు మీటరుకు సుమారు −1.3×10⁴ జౌళ్లు. కనుక అయస్కాంతీకరణకు ఘనం కర్ణమే, అంటే [111] దిశే, సులభ అక్షం. బాగా చల్లబడ్డాక ఫెర్రస్ అయాన్ల నుంచి వచ్చే ధనాత్మక వాటా పెరిగి, రుణాత్మక వాటాకు 130 వద్ద సరితూగుతుంది. కె₁ సున్నా అవుతుంది; ఇదే సమదైశిక బిందువు. అంతకు దిగువన గుర్తు మారి, సులభ అక్షం ఘనం అంచుకు, [100]కి, మళ్లుతుంది. ఇక్కడ స్ఫటిక నిర్మాణం ఏమీ చెదరదు.

ఈ రెండు మార్పులూ వేర్వేరనడానికి మంచి సాక్ష్యం కోబాల్ట్. అది కొద్దిగా చేరినా దాని బలమైన ధనాత్మక వాటా వల్ల సమదైశిక బిందువు పైకి ఎగబాకుతుంది. వెర్వే ఉష్ణోగ్రత దాని వెంట పోదు; మాలిన్యాలు చేరితే అది సాధారణంగా కిందికే జారుతుంది. ఒకే ప్రక్రియ అయితే రెండూ ఇలా చెరోదారి పట్టవు.

1939లో వెర్వే గమనించిన మార్పు అసలు స్వరూపమే వేరు. విద్యుత్ నిరోధం సుమారు వంద రెట్లు ఎగురుతుంది. ఘన స్ఫటికం ఏకనత స్ఫటికమవుతుంది. 2012లో సెన్, రైట్, ఆట్‌ఫీల్డ్ ఈ ప్రావస్థలో మూడేసి ఇనుప అయాన్ల మీద ఎలక్ట్రాన్ పంచుకున్న అమరికను చూపి, దానికి ట్రైమెరాన్ అని పేరు పెట్టారు. విషమదైశికతను వర్ణించడానికి ఇక కె₁ చాలదు, ఆరు స్థిరాంకాలు కావాలి. 4.2 కెల్విన్ వద్ద వాటిలో పెద్దది సుమారు 25×10⁴ జౌళ్లు, అంటే గది ఉష్ణోగ్రత విలువకు దాదాపు ఇరవై రెట్లు.

కొత్త సులభ అక్షం ఏకనత స్ఫటికపు సి-అక్షం. మూడు ఘనపు అంచుల్లో ఏదైనా సి-అక్షం కావచ్చు. క్షేత్రం లేకుండా చల్లార్చితే మూడు రకాల ముక్కలూ కలగలిసిన యమళ స్ఫటికం వస్తుంది; ఒక అంచు వెంట క్షేత్రం పెట్టి చల్లార్చితే ఆ అంచే సి-అక్షంగా స్థిరపడుతుంది. క్షేత్రం లేకుండా చల్లార్చిన నమూనాలో కొలిచిన విషమదైశికత, నా దృష్టిలో, స్ఫటిక ధర్మం కాదు. ఆ యమళాల సగటు మాత్రమే.

రాతి అయస్కాంతత్వంలో ఈ తేడా పట్టించుకోకపోతే చిక్కే. సమదైశిక బిందువు దగ్గర డొమైన్ గోడలు వెడల్పై, లోపాల పట్టు సడలి, శేష అయస్కాంతత్వం తగ్గుతుంది. వెర్వే పరివర్తనలో యమళాలు పుట్టి డొమైన్లనే తిరిగి అమరుస్తాయి. ఏది ఎంత నష్టం చేసిందో తేల్చాలంటే ఒక నమూనాను 128 వద్దే ఆపి వెచ్చబరచి కొలవాలి. ఆ తర్వాత అదే నమూనాను 100 దాకా దించి, మళ్లీ వెచ్చబరచి కొలవాలి.