ఎంబెడెడ్ స్క్రిప్టింగు (మొబైలు యాప్‌లు)

ఎంబెడెడ్ స్క్రిప్టింగు అంటే మొబైలు ఫోనులోని నేటివ్ యాప్ లోపల జావాస్క్రిప్టు, లువా వంటి స్క్రిప్టింగు భాషలో రాసిన ప్రోగ్రామును నడిపించడం. తెర, కెమెరా, ఫైళ్ళకు సంబంధించిన పనులు ఫోను సొంత భాషలలో (ఆండ్రాయిడులో జావా, కోట్లిన్, ఐఫోనులో ఆబ్జెక్టివ్-సి, స్విఫ్ట్) జరుగుతాయి. ఏ మీట నొక్కితే ఏమి జరగాలన్నది స్క్రిప్టు నిర్ణయిస్తుంది. ఒకే స్క్రిప్టు రెండు రకాల ఫోనులకూ పనికిరావడం దీని ప్రధాన ప్రయోజనం.

చరిత్ర

లువా 1993లో బ్రెజిల్‌లోని రియో డి జనీరోలో పుట్టింది. ఇతర ప్రోగ్రాములలో ఇమిడిపోయేంత చిన్నది కావడంతో ఆటల తయారీదారులు దీనిని ఇష్టపడ్డారు. 2009 నాటి యాంగ్రీ బర్డ్స్ ఆటలో లువా ఉంది. 2010 ఏప్రిల్‌లో ఆపిల్ సంస్థ ఐఫోను యాప్‌లను రాయదగిన భాషలపై కఠినమైన ఆంక్షలు పెట్టి, అదే ఏడాది సెప్టెంబరులో సడలించింది. 2013లో ఐఓఎస్ 7తో జావాస్క్రిప్ట్‌కోర్ ఇంజనును యాప్‌లకు అందుబాటులోకి తెచ్చింది. ఫేస్‌బుక్ సంస్థ రియాక్ట్ నేటివ్‌ను 2015లో విడుదల చేసింది.

వేగం

బ్రౌజర్లలో జావాస్క్రిప్టు వేగానికి ముఖ్య కారణం జిట్ కంపైలరు. ఇది తరచుగా నడిచే కోడును అప్పటికప్పుడు యంత్రభాషలోకి మారుస్తుంది. ఇందుకు నడుస్తున్న ప్రోగ్రామే కొత్త యంత్రకోడును మెమరీలో రాసి అమలు చేయాలి. భద్రత దృష్ట్యా ఐఓఎస్ సాధారణ యాప్‌లకు ఈ అనుమతి ఇవ్వదు. కాబట్టి అదే ఇంజను సఫారీలో వేగంగానూ, యాప్‌లో నెమ్మదిగానూ నడుస్తుంది.

ఫేస్‌బుక్ 2019లో ప్రకటించిన హెర్మెస్ ఇంజను జిట్‌ను వదలి వేరే దారి పట్టింది. యాప్‌ను తయారుచేసేటప్పుడే స్క్రిప్టును బైట్‌కోడుగా మార్చి ఉంచుతుంది. ఫోనులో మళ్ళీ ఆ పని ఉండదు కనుక యాప్ త్వరగా తెరుచుకుంటుంది, మెమరీ తక్కువ పడుతుంది. మెమరీ తక్కువగా ఉండే చవక ఫోనులకు ఇది మేలు. 2022లో వచ్చిన రియాక్ట్ నేటివ్ 0.70 నుండి హెర్మెస్ డిఫాల్టు ఇంజను.

సరిహద్దు దాటే ఖర్చు

చాలా యాప్‌లలో ఆలస్యం స్క్రిప్టు లెక్కల వల్ల కాక, స్క్రిప్టుకూ నేటివ్ భాగానికీ మధ్య సమాచారం అటూఇటూ తిరగడం వల్ల వస్తుంది. సెకనుకు 60 సార్లు తెరను గీయాలంటే ఒక్కో చిత్రానికి దొరికే సమయం సుమారు 16.7 మిల్లీసెకన్లే. రియాక్ట్ నేటివ్ పాత నిర్మాణంలో ప్రతి సందేశాన్నీ జేసన్ పాఠ్యంగా మార్చి పంపేవారు. 2024లో వచ్చిన 0.76 నుండి డిఫాల్టుగా ఉన్న కొత్త నిర్మాణంలో స్క్రిప్టు నేటివ్ ఫంక్షన్లను నేరుగా పిలుస్తుంది.

తెలుగు పాఠ్యానికి ఈ ఖర్చు మరికొంత ఎక్కువ. ఇంజన్లు సాధారణంగా ఇంగ్లీషు అక్షరాన్ని ఒక బైటులో, తెలుగు సంకేతాన్ని రెండు బైట్లలో దాస్తాయి. చూడటానికి నాలుగు అక్షరాలైన "నల్లగొండ"ను జావాస్క్రిప్టు 8గా లెక్కిస్తుంది. యూటీఎఫ్-16లో దీనికి 16 బైట్లు, యూటీఎఫ్-8లో 24 బైట్లు కావాలి. ఒక రూపం నుండి మరో రూపంలోకి మార్చడానికీ సమయం పడుతుంది. "మహబూబ్‌నగర్"లో పొల్లు తరువాత కంటికి కనిపించని విభజక సంకేతం ఒకటి ఉంటుంది. అది లేకుండా టైపు చేసినవారికి జిల్లాల జాబితాలో ఆ పేరు దొరకదు. జాబితాను లోడు చేసేటప్పుడే అన్ని పేర్లలోనూ ఈ సంకేతాన్ని తొలగించి ఉంచుకుంటే, ప్రతి మీట నొక్కుకూ ఆ పని జాబితా అంతటికీ చేయనక్కరలేదు. టైపు చేసిన మాటలో తొలగిస్తే చాలు.