క్రైస్తవ ఆరాధనలో సాగిలపడుట

క్రైస్తవ ఆరాధనలో సాగిలపడుట అనగా దేవుని ఎదుట శరీరాన్ని నేలకు వంచి నమస్కరించుట. తల వంచడం, మోకరించడం దీనికి తేలిక రూపాలు. క్రైస్తవ చరిత్రలో దీనిపై జరిగిన వాదాలు ఎక్కువగా ఎలా వంగాలన్నదానిపై గాక, ఎవరి ముందు వంగాలన్నదానిపై జరిగినవే.

బైబిలులో

ఈ క్రియకు గ్రీకు బైబిలులో తరచుగా కనిపించే పదం ప్రోస్కునేయిన్. చిక్కంతా ఈ పదంలోనే ఉంది. మనుష్యులకు చూపే మర్యాదకూ, దేవునికి చేసే ఆరాధనకూ ఇదొక్కటే మాట. యాకోబు తన అన్న ఏశావు ఎదుట ఏడుసార్లు సాగిలపడ్డాడు (ఆదికాండము 33:3). అక్కడ అది తప్పు కాదు. కానీ షద్రకు, మేషాకు, అబేద్నెగో అనువారు రాజు నిలిపిన బంగారు ప్రతిమకు మ్రొక్కక అగ్నిగుండంలో పడవేయబడ్డారు (దానియేలు 3). కొర్నేలీ తన పాదాలపై పడినప్పుడు పేతురు తానూ మనిషినేనని చెప్పి అతనిని లేవనెత్తాడు (అపొస్తలుల కార్యములు 10:25-26). ప్రకటన గ్రంథంలో యోహాను దేవదూత ఎదుట సాగిలపడబోతే ఆ దూత వారించి, దేవునికే నమస్కరించమన్నాడు (22:8-9).

సంఘ చరిత్రలో

తొలి శతాబ్దాలలో మోకరించడం పశ్చాత్తాపానికి, నిలబడడం పునరుత్థానానికి గుర్తు. అందువలన సా.శ. 325 నాటి నైసియా మహాసభ తన 20వ నియమంలో ఆదివారాలలోను, పెంతెకొస్తు దినాలలోను నిలబడియే ప్రార్థించాలని విధించింది. మోకరించడమే భక్తి అనుకునే నేటి పాఠకునికి ఇది వింతగా తోచవచ్చు.

787లో జరిగిన రెండవ నైసియా మహాసభ పవిత్ర చిత్రాలకు వందనం చేయవచ్చునని, లాత్రేయియా అనే నిజమైన ఆరాధన మాత్రం దేవునికే చెందుతుందని తీర్మానించింది. లాటిన్ అనువాదంలో ఈ భేదం చెరిగిపోయింది. చిత్రాలనే ఆరాధించమన్నారని భావించిన షార్లమేన్ ఆస్థాన పండితులు ఆక్షేపించారు. 794లో ఫ్రాంక్‌ఫర్ట్ సభ ఆ తీర్మానాన్ని తిరస్కరించింది.

ప్రొటెస్టంట్ ఉద్యమ కాలంలో వివాదం ప్రభురాత్రి భోజనం దగ్గరకు వచ్చింది. మోకరించి రొట్టె తీసుకోవడం రొట్టెను ఆరాధించడమే అవుతుందని జాన్ నాక్స్ వంటివారు వాదించారు. 1552 ఆంగ్లికన్ ప్రార్థన గ్రంథంలో, మోకరించడం వినయానికే గాని రొట్టెను పూజించడానికి కాదని ఒక వివరణ చేర్చారు. 1559లో తొలగించిన ఆ వివరణ కొన్ని మార్పులతో 1662లో మరల చేరింది.

నేటి ఆచారాలు

కథోలిక దేవాలయంలో దివ్యసత్ప్రసాదం ఎదుట కుడి మోకాలు నేలకు ఆనించడం ఆచారం. గురుపట్టాభిషేకంలో అభ్యర్థులు, సకల పునీతుల ప్రార్థన పాడుతుండగా, బోర్లా పడుకొని ఉంటారు. శుభ శుక్రవారం నాడు గురువు పీఠం ఎదుట అలాగే సాగిలపడవచ్చు. ఆర్థడాక్స్ సంఘాలలో ఈస్టరుకు ముందటి ఉపవాస దినాలలో నుదురు నేలకు తాకించే వందనాలు అధికం. వీటికి మెటానియా అని పేరు. ఆ మాటకు పశ్చాత్తాపమని అర్థం.

భారతదేశంలో

1969లో కథోలిక బిషప్పుల కోరికపై రోము పన్నెండు మార్పులను భారతదేశానికి అనుమతించింది. వాటి ప్రకారం మోకాలు వంచుటకు బదులు చేతులు జోడించి వంగి నమస్కరించవచ్చు. మోకాళ్ళు, అరచేతులు, నుదురు నేలకు తాకించే పంచాంగ ప్రణామమూ చేయవచ్చు. బెంగుళూరులో డి. ఎస్. అమలోర్పవదాస్ స్థాపించిన కేంద్రం వీటిని ప్రచారం చేసింది. ఇవి హైందవ పద్ధతులని కొందరు కథోలికులు తీవ్రంగా వ్యతిరేకించారు. అయితే చేతులు జోడించి వంగడం తెలుగువారికి పెద్దలను చూసిన ప్రతిసారీ చేసే పనియే గనుక, దానిని ఒక మతానికే పరిమితం చేయడం కష్టం.