అప్పు లెక్క మన చేతికి వచ్చిన కథ



ప్రతి ఏడాది ఈ పుస్తకంలో పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, రికవరీ ఎంత అని పట్టికలు వేస్తాం. ఈసారి వాటితో పాటు మన ప్రాంతంలో అప్పు చరిత్ర కూడా కొంచెం రాయాలనుకున్నాం. దానికి కారణం ఉంది. ఈ సంవత్సరం ఏ ఊరి సమావేశానికి పోయినా ఒక మాట విన్నాం. "నెలనెలా కడుతనే ఉన్న, ఇంకా ఎంత బాకీ ఉందో తెల్వది." మన నాయనమ్మలు కూడా ఇదే మాట అన్నారు. అప్పుడు లెక్క దొర ఇంట్లో ఉండేది కాబట్టి వాళ్లకు తెలియలేదు. మరి ఇప్పుడు మనకెందుకు తెలుస్తలేదు?

ఇబ్రహీంపట్నం అంటే అందరికీ ముందు పెద్ద చెరువే యాదికొస్తది. 1550 నుంచి 1580 దాకా గోల్కొండను ఏలిన ఇబ్రహీం కుతుబ్ షా పేరు మీదనే ఊరికి, చెరువుకు ఆ పేరు. చెరువు కింద భూమి ఉన్నోళ్లు కొందరే, ఆ భూమిలో పని చేసినోళ్లు ఎందరో. పని చేసినోళ్లలో చాలామంది కూలికి కాదు, బాకీకి పని చేసిన్రు. పెండ్లికో, చావుకో, కరువుకో పటేల్ దగ్గర కొంత పైసలు తెచ్చుకుంటే, దాని కింద ఇంట్లో మగపిల్లవాణ్ని జీతం పెట్టాలె. వాడు ఏడాదంతా పశువులు కాసి, నాగలి దున్ని సంపాదించింది మిత్తి కిందనే పోయేది. అసలు అట్లనే ఉండేది. తండ్రి చనిపోతే బాకీ కొడుకు మీదికి వచ్చేది. గింజలు అప్పు తెచ్చుకుంటే పంట రాంగనే ఒకటికి ఒకటిన్నర కొలవాలె. దాన్ని కొన్ని ఊళ్లల్ల నాగు అన్నారు. మగమనిషి జీతం ఉంటే అతని భార్య కొట్టం ఊడ్చుడు, పేడ ఎత్తుడు, దంచుడు, విసురుడు చేసేది. ఆ పని ఏ లెక్కలోనూ పడలేదు.

కాగితం మీద ఏం రాసి ఉందో వేలిముద్ర వేసినోళ్లకు తెలియదు. చదివి చెప్పేది కూడా రాసినోడే. ఆ కాగితాలు ఎంత బరువో పక్క రాష్ట్రపు రైతులు ఎప్పుడో చూపించిన్రు. 1875 మే నెలలో పూణే జిల్లా సూపా గ్రామంలో రైతులు షావుకార్ల ఇండ్ల మీద పడి, బాకీ పత్రాలు బయటకు లాగి తగలబెట్టిన్రు. ఈ గొడవలు చుట్టుపక్కల ఊళ్లకు పాకినాక, 1879లో ఇంగ్లీషు ప్రభుత్వం దక్కన్ రైతుల కోసం ఒక చట్టం చేసింది. నిజాం రాజ్యంలో అప్పు కింద కట్టుబడ్డ జీతగాళ్లను భగేలాలు అన్నారు. 1936లో నిజాం ప్రభుత్వం ఆ ఒప్పందాల మీద ఒక నిబంధన తెచ్చింది. పల్లెల్లో మాత్రం దొర మాటే నిబంధన.

దేశమంతటికీ వెట్టిచాకిరీ రద్దు 1975 అక్టోబరులో ఆర్డినెన్సుగా వచ్చి, 1976లో చట్టమైంది. ఈ చట్టంలో రెండు సంగతులు మనం గుర్తు పెట్టుకోవాలె. మొదటిది, వెట్టి బాకీ ఎంత ఉన్నా అది ఆ రోజుతో రద్దు. రెండోది 15వ సెక్షన్. ఒక కూలీ "ఇది వెట్టి బాకీ" అని అంటే, కాదని రుజువు చేసే భారం అప్పు ఇచ్చినోడి మీదనే ఉంటది. అంతకు ముందు దాకా, "నేను కట్టిన" అని రుజువు చేసుకునే భారం చదువురాని కూలీ మీద ఉండె. చట్టం ఆ బరువును ఇటు నుంచి అటు మార్చింది. 1978 పథకం కింద విడుదలైనవాళ్లకు 4,000 రూపాయల పునరావాస సాయం కూడా పెట్టిన్రు.

అయినా మన దగ్గర జీతాలు ఆగలేదు. చట్టం ఉందని చెప్పేటోళ్లు లేకపోయె. 1984లో గీతా రామస్వామి ఇబ్రహీంపట్నం ప్రాంతానికి వచ్చిన్రు. ఆమె హైదరాబాద్ బుక్ ట్రస్ట్ స్థాపించినవారిలో ఒకరు. ఆమెతో కలిసి దళితులు, కూలీలు కట్టుకున్నదే ఇబ్రహీంపట్నం తాలూకా వ్యవసాయ కూలీ సంఘం. ఈ సంఘం జీతగాళ్లను విడిపించుడు, కనీస కూలి అడుగుడు, పోయిన భూములను మళ్లీ సాధించుడు పనులు చేసింది. వేల ఎకరాల మీద కొట్లాట నడిచింది, దెబ్బలు తిన్నారు, కేసులు మోసిన్రు. ఆడవాళ్లు ముందు వరుసల నిలబడ్డరు. ఇప్పుడు మన సంఘాల్లో సంతకం చేస్తున్న అక్కల్లో కొందరి ఇండ్లల్ల ఆ రోజుల జీతగాళ్లు ఇంకా బతికే ఉన్నారు. వాళ్ల దగ్గర కూర్చుని ఒకసారి అడిగి చూడండి, మీ బాకీ ఎంత ఉండె అని. చాలామంది ఇప్పటికీ చెప్పలేరు.

ఇక పొదుపు సంగతి. డ్వాక్రా పథకం 1982లోనే వచ్చింది, కానీ పొదుపు ఒక ఉద్యమంలాగ కదిలింది నెల్లూరు జిల్లాలో. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించినాక ఆ కదలిక జిల్లా అంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా బంద్ అయింది. మగవాళ్లు సారాకు పోసే పైసల్లోంచి రోజుకు ఒక రూపాయి పక్కకు పెట్టుడు, నెలకు 30 రూపాయలు, పొదుపులక్ష్మి పేరుతో మొదలైంది. అదే 1992లో నాబార్డు 500 సంఘాలతో బ్యాంకు లింకేజీని ప్రయోగంగా మొదలుపెట్టింది. 1995లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం, 2000లో వెలుగు, ఆ తర్వాత ఇందిరా క్రాంతి పథం, వాటితో గ్రామ సమాఖ్యలు, మండల సమాఖ్యలు వచ్చినయి. 2011లో స్త్రీనిధి వచ్చింది. ఇదంతా మీకు తెలిసిందే, మళ్లీ వివరంగా రాయం.

పంచసూత్రాల్లో అయిదోది మాత్రం చెప్పాలె. సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, తిరిగి చెల్లింపు, అయిదోది పుస్తకాల నిర్వహణ. ఈ అయిదోదాన్ని మనం ఎప్పుడూ చిన్నచూపు చూస్తం, సీసీ రాస్తది, బుక్ కీపర్ రాస్తది అని. నిజానికి మన ఇండ్లల్ల ఆడవాళ్ల పేరు మీద, ఆడవాళ్ల ముందట, పైకి చదివి వినిపించి రాసిన మొదటి అప్పు లెక్క అదే.

తర్వాత తొవ్వ తప్పింది. వారంవారం కిస్తీల ప్రైవేటు మైక్రో ఫైనాన్సులు వాడలోకి వచ్చినయి. ఒకదాని కిస్తీ కట్టడానికి ఇంకోదాంట్లో తెచ్చుడు మొదలైంది. 2006లో కృష్ణా జిల్లాలో గొడవ అయింది. 2010 నాటికి రాష్ట్రమంతా ఆత్మహత్యల వార్తలు వచ్చినయి. ఆ అక్టోబరులో ఆర్డినెన్సు, ఆ తర్వాత చట్టం వచ్చినయి. వారం కిస్తీ కాదు, నెల కిస్తీ ఉండాలె, మిత్తి అసలును మించి వసూలు చేయొద్దు, ఇంటి మీదికి రాకుండా పంచాయతీ దగ్గర వసూలు చేయాలె అని దాంట్లో ఉంది. 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు, రిజర్వు బ్యాంకులో నమోదైన ఫైనాన్స్ కంపెనీలకు ఈ చట్టం వర్తించదని తీర్పు చెప్పింది. ఇప్పుడు ఆ కంపెనీలకు ఉన్నవి 2022 ఏప్రిల్ నుంచి అమలైన రిజర్వు బ్యాంకు నియమాలు. ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబానికి పూచీకత్తు లేకుండా ఇచ్చేదే మైక్రో ఫైనాన్స్ అప్పు. ఆ ఇంటి నెల కిస్తీలన్నీ కలిపి నెల ఆదాయంలో సగం దాటొద్దు. ముందుగా కట్టేస్తే జరిమానా వేయొద్దు. వసూలుకు పొద్దున 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్ చేయొద్దు. మనకు అర్థమయ్యే భాషలో లోన్ కార్డు ఇవ్వాలె. ఆ కార్డును బియ్యం డబ్బాలో పెట్టి మర్చిపోవద్దని మా మనవి.

ఆదాయంలో సగం అనే మాట దగ్గర కొంచెం ఆగుదాం. మన సంఘాల్లో ఒక అక్క, పేరు రాయం, మూడు నెలలు ఇంటి లెక్క నోట్‌బుక్కుల రాసింది. ఆమె కూలి, పాల పైసలు, భర్త ఇంటికి తెచ్చేది కలిపి నెలకు 17,500. కిస్తీలు ఇవి: సంఘం అప్పుకు 2,200, ప్రైవేటు ఫైనాన్సుకు 2,450, ఊర్లో నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చిన 20,000 మీద నెలకు 600. మొత్తం 5,250. ఆదాయంలో సగమంటే 8,750. నియమం ప్రకారం చూస్తే ఆమె ఇంకా 3,500 కిస్తీ కట్టగలదు, ఎవరన్నా వచ్చి ఇంకో అప్పు ఇవ్వొచ్చు.

ఇప్పుడు ఇంటి ఖర్చు చూడండి. కిరాణం 4,200, కూరగాయలు 1,300, గ్యాసు కరెంటు 1,250, బస్సు, ఫోన్ రీఛార్జి 1,150, పిల్లల చదువు 1,200, మందులు 900, పొదుపు 200, పెండ్లిళ్లు, ఒడిబియ్యం, కట్నాలు చదివింపులు సగటున 1,500. చివరికి "చిల్లర" అని ఆమె రాసిన గీత, చాయ్, గుట్కా, ఆదివారం సీసా, పిల్లల ప్యాకెట్లు, 1,800. ఇవి 13,500. కిస్తీలు కలిపితే 18,750. నెలకు 1,250 తక్కువ పడుతుంది. ఆ తక్కువ ఎటు పోయింది? కిరాణా దుకాణం ఖాతాలోకి పోయింది. అక్కడ 4,500 బాకీ ఉందని ఆమెకు తెలుసు, ఎందుకు అయిందో మాత్రం ఆ రోజే తెలిసింది. "నేనేమో ధరలు పెరిగినయనుకున్న" అంది.

ఇంకో లెక్క ఆమెను ఎక్కువ బాధపెట్టింది. ఆ 20,000 మీద నెలకు 600 చొప్పున 34 నెలలు కట్టింది. అంటే 20,400. అసలు కంటే ఎక్కువే కట్టి కూడా 20,000 బాకీ అట్లనే ఉంది. జీతగాని లెక్క లాగనే.

సంఘం ఆమెకు అంతర్గత అప్పు 20,000 నూటికి రూపాయి మిత్తికి ఇచ్చింది. దాంతో ఊర్లో బాకీ తీర్చి నోటు వెనక్కి తీసుకుంది. నెలకు 1,000 అసలు, తగ్గుతూ వచ్చే మిత్తి. మొదటి నెల మిత్తి 200, రెండో నెల 190, అట్ల 20 నెలలకు మొత్తం మిత్తి 2,100 అవుతుంది. పాత దగ్గరనే ఉంటే అదే 20 నెలలకు 12,000 కట్టి, అసలు అట్లనే ఉండేది. కానీ ఒక చిక్కు వచ్చింది. నెలకు 600 పోయే చోట ఇప్పుడు 1,200 పోతుంది. తక్కువ పడేది 1,250 నుంచి 1,850 అయింది. మిత్తి తగ్గితే చాలని చాలామంది అనుకుంటం కానీ, నెల చేతిలో సరిపోకపోతే మళ్లీ కొత్త అప్పే.

అందుకే ఆమె, భర్త, పెద్దబిడ్డ ముగ్గురూ నోట్‌బుక్ ముందల కూర్చున్నరు. మొదటి రోజు గొడవైంది, అది కూడా రాయాలె. చిల్లర 1,800ను 700 చేసిన్రు. చదివింపులు 1,500 నుంచి 900కు తెచ్చిన్రు, దగ్గరి చుట్టాలకు తప్ప. కిరాణం రోజుకు ఇంత తెచ్చుడు ఆపి, నెలకొకసారి నగదుకు కొంటే 3,900కు వచ్చింది. మొత్తం 2,000 తగ్గినయి. నెలకు 150 మిగిలింది. అంతే. కూరగాయలు, మందులు, బడి ముట్టలేదు. పిల్లల పాలు అమ్మి కిస్తీ కడదామని అత్తమ్మ అంటే వద్దన్నది. మేము కూడా అదే చెప్తాం.

పదో నెలలో ప్రైవేటు ఫైనాన్స్ అప్పు అయిపోయింది. "మళ్లీ ఇస్తం" అని ఫోన్లు వచ్చినయి, తీసుకోలేదు. ఆ 2,450 రెండు నెలలు కిరాణా ఖాతాకు కట్టి, ఆ బాకీ తీర్చింది. పదమూడో నెలలో భర్త జారిపడి, మూడు నెలలు పనికి పోలేదు. ఆ మూడు నెలలు అసలు కట్టలేక, మిగిలిన 8,000 మీద నెలకు 80 మిత్తి మాత్రమే కట్టింది. సమావేశంలో ముందే చెప్పి, తీర్మానం రాయించుకుంది. 20 నెలల అప్పు 23 నెలలకు తీరింది, మిత్తి 2,100 బదులు 2,340 అయింది.

అందరికీ ఇట్ల కుదరదని మాకు తెలుసు. ఆదాయమే లేని ఇంట్లో ఎంత రాసినా లెక్క సరిపోదు. ఒక పెద్ద ఆపరేషన్ వస్తే నోట్‌బుక్ ఏం చేస్తది? అటువంటి ఇండ్లకు కిస్తీ వాయిదా, పెన్షను, ఆరోగ్యశ్రీ, ఉపాధి పని, ఇవే ముందు చూడాలె, ఖర్చు తగ్గించుకో అని పాఠం చెప్పొద్దు. ఇంకొకటి, ఒక సంఘంలో కిస్తీ కట్టలేని సభ్యురాలి ఇంటి ముందు మిగతా సభ్యులు పోయి కూర్చున్నరు. ఒకప్పుడు దొర మనిషి చేసిన పనే అది. ఆ సంగతి ఆ సంఘంతోనే మాట్లాడినం.

నెల లెక్క రాసుడు మన దగ్గరే పుట్టిన పని కాదు. జపాన్‌లో హని మొతొకో అనే పత్రికా రచయిత్రి 1904లో ఇంటి ఆడవాళ్ల కోసం లెక్కల పుస్తకం అచ్చు వేసింది, దాన్ని అక్కడ కకేబో అంటరు. ఇప్పటికీ జపాన్‌లో అటువంటి పుస్తకాలు కొని రాస్తరు. మనకు పుస్తకం కొనే పని లేదు, పిల్లల పాత నోట్‌బుక్కుల వెనక పేజీలు చాలు. రాయరానివాళ్లకు బిడ్డలు రాసి పెడుతున్నరు. ఒక ఊర్లో ఒక అవ్వ గోడ మీద బొగ్గుతో గీతలు గీసి లెక్క పెట్టుకుంటుంది, పది గీతలకు ఒక అడ్డగీత.

నోటు వెనక్కి తెచ్చుకున్న ఆ అక్క దాన్ని చింపలేదు. నోట్‌బుక్కులోనే మడిచి పెట్టుకుంది. ఈ నెల పేజీలో ఆమె కొత్తగా ఒక గీత గీసింది, "జూన్ ఫీజు" అని, పక్కన 500.