నాన్నగారి చెంప - సైనస్ చరిత్ర

నేను డాక్టరుని కాను, సాఫ్ట్‌వేర్ కన్సల్టెంటుని. సైనస్ పేషెంటుని మాత్రం అవును. కాబట్టి ఇవాళ నేను చెప్పబోయేది వైద్యం కాదు, ఆ వైద్యం నడిచి వచ్చిన దారి.

మా నాన్నగారి ఎడమ చెంప మొద్దుబారి ఉంటుంది. గడ్డం గీసుకునేటప్పుడు తెగితే, రక్తం చూసి అమ్మ చెప్పాల్సిందే తప్ప ఆయనకి తెలియదు. 1991లో ఆయనకి సైనస్ ఆపరేషన్ అయింది. పై పెదవి ఎత్తి, చిగుళ్ళ పైన కోసి, ఎముకకి చిల్లి పెట్టి లోపలంతా గీకేశారు. "చీముతో పాటు స్పర్శ కూడా పోయిందిరా" అంటారు. పోనీ రోగమైనా పోయిందా అంటే, రెండేళ్ళకి మళ్ళీ వచ్చింది.

ఆమధ్య ఇక్కడ డాక్టరుగారు నాతో "స్కాన్ తీద్దాం, ఆపరేషన్ అవసరం పడొచ్చు" అనగానే నాకు ఆ చెంపే గుర్తొచ్చింది. భయంతోనే చదవడం మొదలుపెట్టాను.

మన ముక్కు చుట్టూ ఎముకల్లో నాలుగు జతల గాలి గదులున్నాయి. అవే సైనస్‌లు. లియొనార్డో డావిన్చి 1489లోనే పుర్రెని కోసి వీటిని బొమ్మ గీశాడు గానీ, ఆ బొమ్మలు శతాబ్దాల పాటు లోకానికి తెలియలేదు. 1651లో నథానియెల్ హైమోర్ అనే ఇంగ్లీషు వైద్యుడు చెంపలో ఉండే గదిని తన పుస్తకంలో వివరించాడు. పై దవడ పళ్ళ వేళ్ళు దాదాపు ఆ గదిని తాకుతూ ఉంటాయి. సైనస్ వచ్చినప్పుడు పన్నునొప్పి అనిపించేది అందుకే. ఆ రోజుల్లో పన్ను పీకి, ఆ గుంటలోంచి చీము తీసేవారు.

1893లో న్యూయార్కులో కాల్డ్‌వెల్, 1897లో పారిస్‌లో ల్యూక్, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా ఒకే ఆపరేషన్ కనిపెట్టారు. పెదవి కిందనుంచి గదిలోకి వెళ్ళి శుభ్రం చేసి, చీము కిందికి కారిపోయేలా ముక్కులోకి కొత్త కిటికీ పెట్టడం. మా నాన్నగారికి చేసింది ఇదే. చెంపకి స్పర్శనిచ్చే నరం సరిగ్గా ఆ చోటి ఎముకలోంచే బయటికొస్తుంది. దానికి దెబ్బ తగిలితే చెంప మొద్దుబారుతుంది.

మరి కిటికీ పెట్టినా రోగం ఎందుకు తిరిగొచ్చింది? దీనికి జవాబు ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో దొరికింది. అక్కడ మెసర్‌క్లింగర్ అనే డాక్టరు ఏళ్ళ తరబడి సైనస్ గోడల మీద శ్లేష్మం ఎటు పోతుందో చూశాడు. గోడల మీద కంటికి కనపడని నూగు ఉంటుంది. అది శ్లేష్మాన్ని ఎప్పుడూ పుట్టుకతో ఉన్న ద్వారం వైపుకే తోస్తుంది. చెంప గదికి ఆ ద్వారం పైన ఉంటుంది. కింద ఎంత పెద్ద కిటికీ పెట్టినా, నూగు దాన్ని పట్టించుకోకుండా శ్లేష్మాన్ని పైకే మోస్తుంది. ఆ పాత ద్వారం మూసుకుపోవడమే అసలు రోగం. మా కంప్యూటర్ వాళ్ళ భాషలో చెప్పాలంటే, బగ్ ఒకచోట ఉంటే ప్యాచ్ ఇంకోచోట వేశారు.

హాప్కిన్స్ కనిపెట్టిన సన్నటి దుర్బిణి చేతికొచ్చాక, మెసర్‌క్లింగర్ శిష్యుడు స్టామ్‌బర్గర్, అమెరికాలో డేవిడ్ కెనెడీ, 1980లలో ముక్కులోంచే వెళ్ళి ఆ సహజ ద్వారాన్ని తెరిచే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. బయట కోత లేదు, చెంపతో పనిలేదు. మా నాన్నగారి ఆపరేషన్ నాటికే ఈ పద్ధతి ఉంది, ఆయన దాకా రాలేదు, అంతే. దీనికి ఎవరినీ తిట్టలేను గానీ, తల్చుకుంటే మాత్రం బాధేస్తుంది.

ఇక మందుల సంగతి. పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ అంతకుముందు 1921లో, జలుబు చేసిన మనిషి చీమిడిలోనే సూక్ష్మజీవులని చంపే పదార్థాన్ని కనుక్కున్నాడు. అది మనం మర్చిపోయి, పెన్సిలిన్ సంతానాన్ని మాత్రం పట్టుకున్నాం. ఇండియా నుంచి వచ్చేటప్పుడు పచ్చళ్ళతో పాటు యాంటీబయాటిక్ స్ట్రిప్పులు తెచ్చుకోని ఇల్లుందా? నేనూ తెచ్చాను. అయితే ఎక్కువ సైనస్‌లు వైరస్ వల్ల వచ్చేవే, వాటి మీద ఆ మందు పనిచేయదు. 2012లో సెయింట్ లూయిస్ పరిశోధకులు 166 మందికి కొందరికి అమాక్సిసిలిన్, కొందరికి ఉత్త మాత్ర ఇచ్చి చూస్తే, మూడోరోజుకి తేడా కనపడలేదు. పదిరోజులైనా తగ్గకపోయినా, తగ్గినట్టే తగ్గి మళ్ళీ ఎక్కువైనా డాక్టరుని అడగాలి. కన్ను వాచినా, చూపు తేడాగా ఉన్నా, విపరీతమైన తలనొప్పితో మెడ బిగుసుకున్నా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

మన యోగుల జలనేతి ఇప్పుడు ఇక్కడి మందుల షాపుల్లో నేతి పాట్‌గా దొరుకుతోంది. మంచిదే. కానీ కుళాయి నీళ్ళు మాత్రం వాడకండి. 2011లో లూసియానాలో అలా వాడి ఇద్దరు చనిపోయారు, నీళ్ళలోని అమీబా ముక్కు ద్వారా మెదడుకి చేరి. నీళ్ళు కనీసం ఒక నిమిషం మరగకాచి చల్లార్చండి, లేదా డిస్టిల్డ్ వాటర్ కొనుక్కోండి.

నా సంగతి అడుగుతారా? దుర్బిణి పెట్టి చూసి, ద్వారం వాచింది గానీ పూర్తిగా మూసుకుపోలేదన్నారు. రోజూ ఉప్పునీటితో కడగడం, ముక్కులో స్ప్రే. ఇంతవరకు కత్తి అవసరం పడలేదు. ఫోన్లో ఈ కథంతా చెబితే నాన్నగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "పోన్లే, నీ చెంప నీకుంది" అన్నారు.

సెలవు.