పరదేశమున పదినాళ్ల యిల్లు

అతిథి యను మాటకు తిథినియమము లేక వచ్చువాడని మన పెద్దలు అర్థము చెప్పిరి. అట్లు వచ్చినవానికి వీథియరుగో, సత్రపు వసారాయో, ఆలయ మంటపమో నీడ నిచ్చుచుండెను. ముక్కుమొగ మెరుగని వాని యింటిలో, అతడు లేని సమయమున, అతని పొయ్యిమీద వండుకొని, అతని మంచముపై పరుండి, పదినాళ్లకు ఇంత యని వెల చెల్లించి వచ్చుట మన తాతలు ఊహింపని సంగతి. నేడు మన కుటుంబములలో అది సామాన్యమైనది. బిడ్డలను చూడబోయిన వృద్ధ దంపతులు, హోటలు భోజనము సరిపడనివారు, విదేశ నగరములలో సామానుతో కూడిన యిండ్లను కొలదిదినములకు అద్దెకు తీసికొనుచున్నారు. మేమును 2019వ సంవత్సరము మే నెలలో పారిస్ నగరమున అట్టి యింట పదినాళ్లు కాపురముంటిమి. ఆ యింటి వెనుక గల చరిత్రను, ఆ పదినాళ్లలో మేము నేర్చిన పాఠమును మన సంచికా పాఠకులకు విన్నవింప దలచితిమి.

యానాము వారికి పారిస్ పేరు కొత్త కాదు. ఫ్రెంచివారు 1723లో గోదావరి యొడ్డున యానాములో వర్తకస్థానము నెలకొల్పిరి. 1954 నవంబరు 1వ తేదీన పుదుచ్చేరి, కారైకాలు, మాహే, యానాములు భారత ప్రభుత్వ పాలనములోనికి వచ్చినవి. 1956 మే 28న వ్రాసుకొన్న ఒడంబడిక 1962 ఆగస్టు 16న అమలులోనికి వచ్చెను. ఆ దినము మొదలు ఆరు మాసములలోగా వ్రాతమూలకముగా కోరినవారికి ఫ్రెంచి జాతీయత నిలుపుకొను హక్కు కలిగెను. మా పినతండ్రిగారు అట్లు కోరినవారిలో ఒకరు. వారు 1965లో భార్యతో పారిస్ చేరిరి. అప్పటికి ఆ నగరమున వారికి తెలిసిన గుమ్మము ఒక్కటియు లేదు.

అట్లు తెలియని గుమ్మము తట్టినవారి కథలే ఆ నగర చరిత్రలో ఒక పెద్ద భాగము. రాజుల కాలముననే పారిస్‌లో సామానుతో కూడిన అద్దెగదులు వెలసెను. వానిని ‘గార్ని’ లనిరి. మంచము, కుర్చీ, కూజా మాత్రము గల గదిని వారమునకో మాసమునకో ఇచ్చెడివారు. పల్లెలనుండి పనికి వచ్చిన తాపీవారు, విద్యార్థులు, వ్యాజ్యములకై వచ్చినవారు అందు దిగుచుండిరి. 1667లో నగరమునకు ప్రత్యేకముగా ఒక పోలీసు అధికారిని నియమించిన పిమ్మట, ఈ గదుల మీద నిఘా హెచ్చెను. గది యిచ్చువాడు వచ్చినవాని పేరు, ఊరు, వృత్తి పుస్తకమున వ్రాసి యుంచవలెను; తనిఖీదారు అడిగినపుడు చూపవలెను. విప్లవకాలమున 1791లో చేసిన చట్టమును ఈ పుస్తకమును తప్పనిసరి చేసెను. రాజు పోయినను రిజిస్టరు పోలేదు! జీవితమంతయు రిజిస్టర్ల నడుమ గడపిన మాకు ఈ సంగతి చదివినపుడు నవ్వు వచ్చెను. మెర్సియే యను రచయిత 1781 మొదలు ప్రకటించిన తన పారిస్ వర్ణనలో ఈ గదుల మురికిని గూర్చి గట్టిగా ఆక్షేపించెను.

దక్షిణదేశమునుండి ఆ నగరమునకు పోయిన అతిథులలో ముఖ్యులు మైసూరు టిప్పు సుల్తాను పంపిన ముగ్గురు రాయబారులు. వారు 1787లో పుదుచ్చేరిలో ఓడ యెక్కి, మరుసటి యేట పారిస్ చేరి, 1788 ఆగస్టులో వెర్సాయి భవనమున పదునారవ లూయీ రాజును దర్శించిరి. వారు రాజాతిథులు గనుక వారి బస సంగతి ప్రభుత్వమే చూచుకొనెను. వారిని చూచుటకు జనము గుంపులు గుంపులుగా వచ్చిరట. రాజాతిథికి భవనము, కూలివానికి గార్ని. ఈ రెంటి నడుమ మధ్యతరగతి బాటసారికి తగిన యిల్లు ఇంకను పుట్టలేదు.

అది పుట్టుటకు తగిన కట్టడములు పందొమ్మిదవ శతాబ్దమున లేచినవి. 1853 మొదలు 1870 వరకు నగరాధికారిగా నుండిన హౌస్‌మన్ పాత సందులను పడగొట్టించి వెడల్పైన వీథులు వేయించెను. 1860లో పొలిమేర గ్రామములను కలుపుకొని నగరము ఇరువది విభాగములయ్యెను. ఆ వీథుల కిరుప్రక్కల ఒకే యెత్తున నిలిచిన రాతి మేడలే నేడు యాత్రికులు ఫోటోలు తీసికొనునవి. క్రింద అంగళ్లు; రెండవ యంతస్తున బాల్కనీతో ధనికుల నివాసము; పైకి పోయినకొలది అద్దె తగ్గును; చిట్టచివర, కప్పు క్రింద, పనికత్తెల చిన్న గదులు. ద్వారము చెంత ‘కాన్సియెర్జ్’ అను కావలి మనిషి కాపురముండి, తాళములు, ఉత్తరములు, ఎవరు వచ్చిరి ఎవరు పోయిరి అను వార్తలు తన అధీనమున నుంచుకొనును. 1889లో, 1900లో జరిగిన ప్రపంచ ప్రదర్శనములకు జనము వెల్లువగా వచ్చిరి. 1900 నాటి ప్రదర్శనమునకు వచ్చిన సందర్శకుల సంఖ్య సుమారు 5 కోట్లు. వేడుక చూడవచ్చినవానికి గది యిచ్చి నాలుగు డబ్బులు చేసికొను నేర్పు ఆ నగరమునకు నిన్నటిది కాదు.

అయితే ఇండ్ల కరవును ఆ నగరమునకు పాతదే. రెండవ ప్రపంచయుద్ధానంతరము ఆ కరవు దుర్భరమయ్యెను. 1948లో అద్దెలను అదుపుచేయు చట్టము వచ్చెను. 1954 ఫిబ్రవరి 1వ తేదీన, గడ్డకట్టు చలిలో, ఇల్లు వెడలగొట్టబడిన ఒక స్త్రీ పారిస్ నడివీథిని మరణించినదనియు, ఆమె చేతిలో వెడలగొట్టిన ఉత్తరువు కాగితము ఉన్నదనియు అబే పియేర్ అను మతగురువు రేడియోలో దేశమునకు చాటెను. ప్రజలు కంబళ్లు, బట్టలు, ధనము కుప్పలుగా తెచ్చి యిచ్చిరి. 1956 డిసెంబరులో చలికాలమున ఎవ్వరిని ఇల్లు వెడలగొట్టరాదని చట్టము చేసిరి. నేడును నవంబరు 1 మొదలు మార్చి 31 వరకు ఆ నియమము సాగుచున్నది. యానాము చేతులు మారిన యేటనే, ఒడంబడిక వ్రాసిన యేటనే ఈ రెండును జరిగెనని తలచినపుడు మాకు ఆశ్చర్యము కలిగెను.

మా పినతండ్రిగారు దిగిన తొలి గదియు పాత గార్ని సంతతిలోనిదే. సామానుతో కూడిన హోటలు గది, వారమునకు వారము అద్దె, నీటికొళాయి మెట్లమీద. ఆ దినములలో పరదేశముల కార్మికు లెందరో అట్టి గదులలోనే తలదాచుకొనిరి. గదిలో వంట చేయరాదని నియమము. ప్రక్కగదిలోని ఒక ముసలమ్మ తన స్పిరిటుపొయ్యి యిచ్చి, యజమాని వచ్చునపుడు గోడ తట్టి హెచ్చరించెడిదట. “ఆ గోడచప్పుడే లేకపోతే మేమా దేశంలో నిలిచేవాళ్లం కాదు, అబ్బాయీ” అని మా పిన్ని పలుమారు చెప్పెడిది. 1979లో పదవ విభాగమున, ఉత్తరపు రైలుస్టేషను సమీపమున, ఒక గదియు వంటయిల్లును గల చిన్న వాటా వారికి దొరికెను. 2011లో పినతండ్రిగారు అందులోనే స్వర్గస్థులైరి. సంతానము లేని పిన్ని అచ్చటనే యొంటిగా నుండెను.

ఇంతలో ఇంటి అద్దె వ్యాపారము కొత్తరూపు దాల్చెను. 2007లో అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కోలో ఇద్దరు యువకులు తమ అద్దె చెల్లించుకొనుటకై, సభకు వచ్చినవారికి తమ గదిలో గాలిపరుపులు పరచి యిచ్చిరి. మరుసటి యేట అదియే ఎయిర్‌బీఎన్‌బీ అను సంస్థకు నాంది యయ్యెను. గాలిపరుపుతో మొదలైన పని కొలది యేండ్లలో వేల యిండ్లకు ప్రాకెను. సంవత్సరమంతయు కాపురముండువాడు మాసమున కిచ్చు అద్దెను యాత్రికులు కొలదినాళ్లలోనే ఇచ్చుచుండగా, యజమానికి కాపురస్థుడు బరువైనట్లు తోచుట సహజమే కదా! పారిస్ నగరమువారు మేలుకొని కట్టుబాట్లు చేసిరి. తాను నివసించు నింటిని యజమాని ఏడాదికి 120 దినములకు మించి యాత్రికుల కీయరాదు. 2017 డిసెంబరు మొదలు అట్టి యిల్లు ప్రతిదియు నగరసభలో నమోదై, ప్రకటనలో ఆ సంఖ్యను చూపవలెను. తాను నివసింపని యింటిని యాత్రికుల కిచ్చువాడు ఇంటి వినియోగమును మార్చుటకు అనుమతి పొందవలెను; అందులకై సాధారణముగా అంగడియో కచేరియో అయిన మరియొక స్థలమును నివాసగృహముగా మార్చి చూపవలెను. 2024 నవంబరులో వచ్చిన చట్టముతో నగరములకు అధికారము హెచ్చెను. 2025 జనవరి 1 మొదలు పారిస్‌లో 120 దినములు 90 అయ్యెను.

ఇక మా పదినాళ్ల సంగతి. 2019 మొదట పిన్నికి ఇంటి యజమాని నుండి రిజిస్టరు ఉత్తరము వచ్చెను. గడువు తీరగానే ఇల్లు ఖాళీ చేయవలెననియు, తానే నివసింప గోరుచున్నాననియు అందు వ్రాసెను. అప్పటికి ఆమె వయస్సు ఎనుబదికి మించెను. ఫోనులో ఆమె యేడ్వలేదు. “ఈ వయస్సులో మళ్లీ ఏ గోడ తట్టమంటావు?” అని మాత్ర మడిగినది. మేము పదవీవిరమణ చేసి కొలది మాసములే అయినది. మా శ్రీమతితో బయలుదేరితిమి. పిన్ని గదిలో మూడవ మనిషికి చోటు లేదు గనుక, ఒక సంస్థ ద్వారా సమీపముననే పదినాళ్లకు ఒక వాటా కుదుర్చుకొంటిమి.

రాత్రి పదకొండు గంటలకు చేరితిమి. యజమాని రాలేదు, కావలి మనిషియు లేదు. గోడకు తగిలించిన చిన్న యినుపపెట్టెలో, నాలుగంకెలు త్రిప్పిన పిమ్మట, తాళపుచెవి దొరికెను. ఆరంతస్తుల కొయ్యమెట్లమీద మా పెట్టెలు ఢమఢమ మ్రోగెను. నాలుగవ యంతస్తున ఒక వృద్ధురాలు తలుపు తెరచి తీక్ష్ణముగా రెండు మాటలాడి మరల మూసికొనెను. మాకు మనసు కష్టమయ్యెను. ఆదరము లేని దేశమని అనుకొంటిమి.

నాలుగవనాడు ఆమె కూరల సంచి మోయలేక మెట్లమీద నిలువగా, మా శ్రీమతి అందుకొని ఆమె గుమ్మము వరకు చేర్చెను. యానాము కచేరిలో పాత ఫ్రెంచి జనన మరణ పట్టికలకు నకళ్లు వ్రాసిన అలవాటు వలన మాకు ఆ భాష కొంత తెలియును. ఆమె క్రింది ద్వారము చెంతనున్న ఉత్తరముల పెట్టెలను జ్ఞాపకము చేసెను. పన్నెండు పెట్టెలలో ఐదింటికి పేరు లేదు. ఆ ఐదిండ్లలోని వారు ఒకరి వెనుక నొకరు వెడలిపోయిరి. నేడు తనకు రాత్రివేళ జ్వరము వచ్చినచో తట్టుటకు తలుపులున్నవి గాని, లోపల నెవరున్నారో తెలియదని ఆమె చెప్పెను. మీరు మంచివారే, కాని పదినాళ్లకు పోవుదురు. మీ వెనుక వచ్చువారును పోవుదురు, అనెను.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. పిన్ని యింటి కాపాడవచ్చిన మేము, మరియొక పిన్ని ఖాళీచేసిన మంచముమీదనే పరుండియుంటి మేమో యని శంక కలిగెను. లేచి ఆ యింటి ప్రకటనను మరల చదివితిమి. అందు నమోదు సంఖ్య లేదు. సంఖ్య లేని కాగితమును ముప్పది యేండ్లు దస్తరములోనికి రానీయని మేము, చవుక యని తలచి ఆ సంగతియే చూడమైతిమి.

మరునాడు, ఇంటి విషయములలో ఉచితముగా సలహా నిచ్చు ఒక కార్యాలయమునకు పిన్నితో పోయితిమి. 1989 నాటి అద్దెచట్టము ప్రకారము, అరువదియైదేండ్లు దాటి, ఆదాయము నిర్ణీత పరిమితికి లోబడిన కాపురస్థునికి, సమీపముననే తగిన మరియొక యిల్లు చూపక గడువు ముగింపరాదు. యజమానియు అట్టి వృద్ధుడైనచో, లేక అల్పాదాయుడైనచో ఈ రక్షణ వర్తింపదు. ఈ యజమాని యువకుడు, సంపన్నుడు. పిన్ని జననపత్రము, ఆదాయపు కాగితములు జతపరచి రిజిస్టరు ఉత్తరము పంపితిమి. ఆ జననపత్రము యానాములో వ్రాసినది. రెండు మాసములకు యజమాని తన నోటీసును ఉపసంహరించుకొనెను. 2022లో పిన్ని ఆ యింటనే, తన మంచముమీదనే కన్నుమూసినది.

విదేశములకు పోవు మనవారికి మా మనవి ఇది. అద్దెకు ఇల్లు తీసికొనవద్దని మేము చెప్పము; పిల్లలతో పోవువారికి, పథ్యపు వంట కావలసినవారికి అది మేలే. కాని ఆ నగరపు నియమమున నమోదు సంఖ్య యుండవలెనన్నచో, అది యున్నదా లేదా యని ముందే చూడుడు. ఇంటి యజమాని నివసించు నింటిలో ఒక గది దొరికినచో అది మరియు మంచిది. ఎవ్వరి కాపురమును చెడదు. రాత్రివేళ మెట్లమీద పెట్టెలు చేతులతో ఎత్తుకొనుడు. ఎదురైనవారికి వారి భాషలో నమస్కారము చెప్పుడు.

మన తాతలు షోలాపురపు మగ్గములకు, కోలారు గనులకు, బరంపురపు అంగళ్లకు పోయినపుడు పరభాషవారి వీథులలో అద్దెకే దిగిరి. ఏ ప్రక్కింటివారో నిప్పు ఇచ్చిరి, నీళ్లు ఇచ్చిరి. అందువలన దిగినవారు నిలిచిరి, నిలిచినవారు ఊరివారైరి. గోడకు అవతల మనిషి యుండుట యెంతటి భాగ్యమో మనకన్న నెరిగినవారెవరు? పదినాళ్ల యింటికి పోయినపుడైనను ఆ మాట మరువకుందుముగాక.