దివిసీమ ఉప్పెన, ఆ తర్వాత

కృష్ణా తీరానికి ఉప్పెన కొత్త కాదు. 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెన సుమారు ముప్పై వేల మందిని బలి తీసుకుంది. అదే ఏడాది కలకత్తానూ తుపాను దెబ్బతీసింది. ఈ వరుస విపత్తుల తర్వాతే, 1875లో, భారత వాతావరణ శాఖ ఏర్పడింది.

అయితే హెచ్చరిక పుట్టడం వేరు, అది గుడిసె దాకా చేరడం వేరు. 1977 నవంబరు 19న దివిసీమను తాకిన తుపానే దీనికి సాక్ష్యం. గాలి తోసుకొచ్చిన సముద్రం లోతు తక్కువ తీరంలో దాదాపు అయిదు మీటర్లు పైకి లేచి, పల్లపు పొలాల మీదుగా కిలోమీటర్ల కొద్దీ లోపలికి చొచ్చుకొచ్చింది. నాగాయలంక దగ్గరి సొర్లగొంది వంటి ఊళ్లలో మట్టి గోడలు, తాటాకు కప్పులు నిలవలేదు. అధికారిక లెక్కల్లోనే మృతులు పది వేలకు చేరువయ్యారు. చాలామందిని చంపింది గాలి కాదు, నీరు.

రక్షణ ఏర్పాట్ల రూపురేఖలు మారింది అప్పుడే. తీరం పొడవునా కాంక్రీటు తుపాను షెల్టర్లు లేచాయి. నీరు కింది నుంచి పారిపోయేలా వాటిని ఎత్తయిన స్తంభాలపై కట్టారు, పైకి వెడల్పాటి మెట్లు పెట్టారు. మామూలు రోజుల్లో చాలాచోట్ల అవే బడులు. వాడుకలో ఉన్న భవనమే ఆపద నాటికి చెక్కుచెదరకుండా ఉంటుంది. గాలి జోరు తగ్గించడానికి ఇసుక తిన్నెలపై సరుగుడు తోటలు నాటారు.

1990 మేలో మళ్లీ అదే తీరానికి పెను తుపాను వచ్చింది. ఈసారి లక్షల మందిని ముందే తరలించారు. మృతుల సంఖ్య వెయ్యి లోపే ఆగింది.