అనంతపురం ఎండలో పికప్ బండి బ్యాటరీ: క్యాబిన్ లైటు నుంచి డిస్టిల్డ్ వాటర్ దాకా

అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల్లో చాలా కుటుంబాలకు పికప్ బండే బతుకుదెరువు. చీనీ కాయలు, టమాటా, వేరుశనగ, పెళ్లి సామాను, బక్రీద్ ముందు పొట్టేళ్లు, ఏది కదలాలన్నా బొలెరో పికప్పో, దోస్తో, జనం చోటా హాథీ అని పిలిచే టాటా ఏసో రావాల్సిందే. తెల్లవారుజామున మూడు గంటలకు లోడు ఎక్కించాక కీ తిప్పితే టక్ టక్‌మని సెల్ఫ్ ఆగిపోయిందనుకోండి. మండీలో వేలం మన కోసం ఆగదు, నెల కంతు కూడా ఆగదు. ఇలా బండి నిలిచిపోవడానికి ఎక్కువసార్లు కారణం బ్యాటరీయే. అందులో చాలావరకు ముందే ఆపగలిగినవి.

ఎండే అసలు శత్రువు

ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ప్రాంతం ఇది. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటడం మామూలే. ఇంజిన్ దగ్గర వేడి అంతకన్నా చాలా ఎక్కువ. లెడ్ యాసిడ్ బ్యాటరీకి ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందని ఈ రంగంలో వాడుకలో ఉన్న లెక్క. వేడికి లోపలి నీళ్లు ఆవిరవుతాయి, ప్లేట్లు తుప్పు పడతాయి. దెబ్బ ఏప్రిల్, మే నెలల్లో తగులుతుంది. బయటపడేది మాత్రం డిసెంబర్ చలిలో, పొద్దున్నే సెల్ఫ్ కొట్టేటప్పుడు. అందుకే "నిన్నటిదాకా బాగానే ఉండింది" అనే మాట మెకానిక్ షాపుల్లో తరచూ వినిపిస్తుంది.

బండిని నీడలో నిలపడం, బ్యాటరీని బిగించే క్లాంపు వదులు కాకుండా చూసుకోవడం ఖర్చు లేని పనులు. గుంతల దారుల్లో బ్యాటరీ ఊగితే లోపలి ప్లేట్లు దెబ్బతింటాయి.

క్యాబిన్ సౌకర్యాల లెక్క

మండీలో రాత్రంతా కాచుకునే డ్రైవరుకు లైటు, ఫ్యాను, పాటలు, ఫోన్ చార్జింగ్ కావాల్సిందే. వాటిని వాడొద్దనడం న్యాయం కాదు. లెక్క మాత్రం తెలిసి ఉండాలి. ఇంజిన్ ఆపి ఉంచినప్పుడు 10 వాట్ల పాత బల్బు ఎనిమిది గంటలు వెలిగితే దాదాపు 7 ఏహెచ్ పోతుంది. 20 వాట్ల చిన్న ఫ్యాను అంతే సేపు తిరిగితే 13 ఏహెచ్. పాటలు, ఫోన్ కలిపి ఇంకో 5. మొత్తం 25 ఏహెచ్. కొత్త 60 ఏహెచ్ బ్యాటరీ దీన్ని తట్టుకుంటుంది. రెండు ఎండాకాలాలు చూసి సగం సత్తువ పోయిన బ్యాటరీ తట్టుకోలేదు.

బల్బు స్థానంలో 2 వాట్ల ఎల్‌ఈడీ పెడితే అదే ఎనిమిది గంటలకు ఒకటిన్నర ఏహెచ్ కూడా ఖర్చు కాదు. వెలుతురు తగ్గదు, చార్జింగ్ మిగులుతుంది. తలుపు వేసినా లైటు ఆరకపోతే డోర్ స్విచ్ చూపించాలి. దుమ్ము పట్టి అది ఇరుక్కుపోవడం ఇక్కడ మామూలే. జీపీఎస్, అలారం లాంటివి బండి ఆపినా కొద్దికొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటాయి. 50 మిల్లీ ఆంపియర్లే అనుకున్నా నెలకు 36 ఏహెచ్. బండి వారాల తరబడి కదలదంటే నెగటివ్ వైరు తీసి పెట్టడం మేలు.

కొత్త లైటుకైనా, ఫ్యానుకైనా ఫ్యూజు ఉన్న వేరే లైను వేయించాలి. ఫ్యూజు పోయిందని రాగి తీగ చుట్టడం బండికి నిప్పు పెట్టుకోవడమే.

ఏసీ సంగతి: 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే ఎన్2, ఎన్3 తరగతి లారీల క్యాబిన్లకు కేంద్రం ఏసీ తప్పనిసరి చేసింది. మొత్తం బరువు 3.5 టన్నుల లోపు ఉండే పికప్పులు ఎన్1 తరగతి, వాటికి ఈ నిబంధన లేదు. కాబట్టి చిన్న బండి డ్రైవరుకు ఫ్యానే దిక్కు, ఆ ఫ్యానుకు బ్యాటరీయే దిక్కు.

నీళ్లు పోసే పద్ధతి

మూతలు ఉన్న బ్యాటరీ అయితే ఎండాకాలంలో 15 రోజులకొకసారి నీళ్లు చూడాలి. డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. మన జిల్లా బోరు నీళ్లలో ఫ్లోరైడ్, ఉప్పు, సున్నం ఎక్కువ. అవి ప్లేట్లను పాడుచేస్తాయి. ఫిల్టర్ నీళ్లలోనూ కొన్ని లవణాలు మిగిలే ఉంటాయి కాబట్టి అవీ వద్దు. పై గీత దాటి పోయకూడదు. తగ్గింది నీళ్లే కాబట్టి యాసిడ్ కలపకూడదు. మూతల్లేని మెయింటెనెన్స్ ఫ్రీ బ్యాటరీలో పచ్చకన్ను ఉంటే అది ఒక్క సెల్లు సంగతే చెబుతుంది. దాన్ని పూర్తిగా నమ్మొద్దు.

మీటరు ఏం చెబుతుంది?

చిన్న మల్టీమీటరు ఇంట్లో ఉంటే చాలు. బండి ఆపి కొన్ని గంటలయ్యాక 12.6 వోల్టులు చూపిస్తే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం. 12 కంటే తగ్గితే వెంటనే చార్జింగుకు పెట్టాలి. ఖాళీగా వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి మళ్లీ కోలుకోదు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. తక్కువుంటే బెల్టు, ఆల్టర్నేటర్ చూపించాలి. అంతకన్నా బాగా ఎక్కువుంటే ఓవర్ చార్జింగ్, నీళ్లు త్వరగా ఆరిపోతాయి. రాత్రి బాగా దిగిపోయిన బ్యాటరీ ఊళ్లో పది కిలోమీటర్లు తిరిగితే నిండదు. దానికి గంటల తరబడి ప్రయాణం కావాలి, లేదంటే బయట చార్జింగ్ పెట్టాలి.

జాగ్రత్తలు

టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పేరుకుంటే వంట సోడా కలిపిన నీళ్లతో కడిగి, ఆరాక పెట్రోలియం జెల్లీ రాయాలి. ఆ నీళ్లు సెల్లుల్లోకి పోకూడదు. విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు చివర నెగటివ్. చార్జింగ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వాయువు వస్తుంది, దగ్గర బీడీ, అగ్గిపుల్ల వద్దు. యాసిడ్ కంట్లో పడితే కనీసం పావుగంట మంచినీళ్లతో కడిగి వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

పాత బ్యాటరీని ఇంట్లో పగలగొట్టి సీసం తీయడం పిల్లలకు చాలా ప్రమాదం. సీసం మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలను వెనక్కి తీసుకుని రీసైక్లింగుకు పంపే బాధ్యత తయారీదారులది. కొత్తది కొనేటప్పుడు పాతది షాపులో ఇస్తే ధరలో తగ్గింపు కూడా దొరుకుతుంది. బిల్లు, వారంటీ కార్డు బండి కాగితాలతో కలిపి దాచుకోవాలి. బ్యాటరీ మధ్యలో మొరాయిస్తే అడగడానికి ఆధారం అవే.